అమ్మానాన్నల విదేశీ ప్రయాణ బీమా: పాటించకూడని ఆరు సలహాలు

కూతురి పురిటికో, కొడుకు గృహప్రవేశానికో అమెరికా బయల్దేరే పెద్దవాళ్ల సూట్‌కేసుల్లో పచ్చళ్లు, పొడులతో పాటు షుగరు, బీపీ మాత్రలూ ఉంటాయి. టికెట్ కొన్నరోజు నుంచే ప్రయాణ బీమా మీద తలా ఒక సలహా ఇస్తారు. ప్రేమతోనే చెబుతారు. కానీ వాటిలో కొన్నింటిని నమ్మితే జీవితాంతం కూడబెట్టిన డబ్బు ఒక్క ఆస్పత్రి బిల్లుకే పోతుంది.

1. "షుగరుందని రాయకండి, ప్రీమియం పెరుగుతుంది."

అన్నింటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. ఆస్పత్రిలో చేరగానే డాక్టరు పాత జబ్బులు, వాడే మందులు అడుగుతారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఎవరూ అబద్ధం చెప్పరు, చెప్పకూడదు కూడా. "పదేళ్లుగా షుగరు" అన్న మాట కేస్ షీటులోకి ఎక్కుతుంది. క్లెయిమ్ పెట్టినప్పుడు కంపెనీ తెప్పించుకునేది ఆ కాగితాలనే. ప్రపోజల్ ఫారంలో లేని జబ్బు అందులో కనిపిస్తే డబ్బు ఎగ్గొట్టడానికి కారణం మనమే ఇచ్చినట్టు.

నిజం రాసినవారికి కోర్టులోనూ బలం ఉంటుంది. 2009లో అమెరికా వెళ్లిన ఒకాయన తనకు షుగరుందని ముందే చెప్పి, వైద్య పరీక్ష చేయించుకుని పాలసీ తీసుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే గుండెజబ్బు బయటపడింది, మూడు స్టెంట్లు వేశారు. పాత జబ్బని, కొలెస్ట్రాల్ మందు సంగతి చెప్పలేదని కంపెనీ డబ్బివ్వలేదు. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఓడిన ఆయన 2021 డిసెంబరులో సుప్రీంకోర్టులో గెలిచారు. చెప్పిన జబ్బును తెలిసే పాలసీ ఇచ్చాక, ఆ జబ్బునే చూపి క్లెయిమ్ తోసిపుచ్చడం కుదరదని కోర్టు తేల్చింది.

2. "వీసాకు అడగలేదుగా, బీమా ఎందుకు?"

అమెరికా విజిటర్ వీసాకు బీమా తప్పనిసరి కాదు. షెంజెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల కవరేజీ కావాలి. అయితే వీసాకు సరిపోయే పాలసీ మీ పాత జబ్బుకూ సరిపోతుందన్న హామీ లేదు. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

3. "ఎమర్జెన్సీ అయితే అక్కడ ఎవరినైనా చేర్చుకోవాల్సిందే."

1986 నాటి అమెరికా చట్టం ప్రకారం అది నిజమే. డబ్బుందా లేదా అని చూడకుండా పరీక్షించాలి, పరిస్థితిని నిలకడకు తేవాలి. కానీ ఆ వైద్యం ఉచితమని చట్టం అనలేదు. బిల్లు తర్వాత ఇంటికే వస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు గానీ, మామూలు మెడిక్లెయిమ్ గానీ అక్కడ అక్కరకు రావు.

4. "అన్ని పాలసీలూ ఒకటే, చవకది తీసుకో."

ఒకటి కావు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ ఒక్కో చికిత్సకు ఇంత అని కొంత మొత్తమే ఇస్తుంది, మిగతాది మీరే కట్టుకోవాలి. కాంప్రహెన్సివ్ ప్లాన్ డిడక్టబుల్ (ముందుగా మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) పోను బిల్లులో ఎక్కువ భాగం, పరిమితి వరకూ భరిస్తుంది. పాత జబ్బుల విషయంలో చాలా అమెరికా ప్లాన్లలో "అక్యూట్ ఆన్‌సెట్" అనే నిబంధన ఉంటుంది. అంటే పాత జబ్బు ఏ సూచనా లేకుండా హఠాత్తుగా ముదిరి, వెంటనే, సాధారణంగా 24 గంటల్లోపు, చికిత్స తీసుకోవాల్సి వస్తేనే కవరేజీ. షుగరు చెకప్, నెలవారీ మందులు, మెల్లగా ముదిరే కిడ్నీ జబ్బు అందులోకి రావు. వయసు పెరిగేకొద్దీ ఈ నిబంధన కింద ఇచ్చే మొత్తం తగ్గుతుంది, కొన్ని ప్లాన్లలో పూర్తిగా పోతుంది.

5. "బయల్దేరే ముందు డాక్టరును కలిసి డోసు మార్పించుకో."

కొన్ని పాలసీలు, ముఖ్యంగా కెనడావి, ప్రయాణానికి ముందు 90 లేదా 180 రోజులు జబ్బు నిలకడగా ఉండాలంటాయి. వాటిలో డోసు మార్పును కూడా నిలకడ తప్పినట్టే లెక్కిస్తారు. అలాగని అవసరమైన మందు ఆపకండి. చెకప్ కొన్ని నెలలు ముందే చేయించుకోండి. మందు మారితే కంపెనీకి తెలియజేయండి.

6. "అక్కడికెళ్లాక ఏదైనా వస్తే అప్పుడు కొందాం."

మన దేశపు కంపెనీల పాలసీలు మామూలుగా బయల్దేరకముందే కొనాలి. అక్కడి ప్లాన్లు దిగాక కూడా దొరుకుతాయి. కానీ కొనేలోపు మొదలైన నొప్పి పాత జబ్బు కిందికే వస్తుంది.

కాబట్టి ప్రపోజల్ ఫారం ఏజెంటు ఒక్కడినే నింపనివ్వకండి. అమ్మానాన్నల దగ్గర కూర్చుని ప్రతి జబ్బూ, ప్రతి మాత్రా రాయించండి. "నాన్నకు ఫలానా ఏడాది స్టెంట్ వేశారు, మళ్లీ ఛాతీ నొప్పి వస్తే ఎంతవరకు ఇస్తారు?" అని కంపెనీకి ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. పాలసీ ఇప్పటికే కొనేసి ఉంటే, ఆ ఫారం కాపీ ఇవాళే తీసి చదవండి. ఏదైనా తప్పిపోయి ఉంటే విమానం ఎక్కకముందే కంపెనీకి రాసి దిద్దించుకోండి.