రెండో బొంబాయిలో ప్రొబేట్

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అనడం మనకు అలవాటు. బంగారం, బట్టల వ్యాపారం చూసి వచ్చిన పేరు అది. ఆ పేరును మన బ్యాంకు కౌంటర్లు, ఆఫీసు బల్లలు నమ్మినంత గట్టిగా బంగారు అంగళ్ళ వాళ్ళు కూడా నమ్మినట్టు లేదు. ఇంటి పెద్ద పోయాక వారసులు వీలునామా పట్టుకుని వెళితే "ఇది చాలదు, ప్రొబేట్ తీసుకరాండి" అనే మాట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో మహా ధీమాగా వినబడుతుంది. ఆ ధీమాకు ఆధారమైన చట్టమేమో అసలు బొంబాయి కోసం రాసింది. ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, లేనిదే వీలునామా కింద హక్కు కోర్టులో నిలవదని 1925 నాటి భారత వారసత్వ చట్టం 213వ సెక్షన్ చెప్పిన మాట నిజమే. కానీ హిందువుల వీలునామాల విషయంలో అది పట్టింది పాత బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఏలుబడిలోని ప్రాంతానికీ, మద్రాసు, బొంబాయి నగరాలకూ మాత్రమే. కడప మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదే గాని మద్రాసు నగరంలో ఉండేది కాదు గదా! ముస్లింలకు ఆ సెక్షన్ ఏనాడూ వర్తించలేదు. క్రైస్తవులను 2002లో తప్పించారు. చివరకు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ సెక్షన్‌నే చట్టంలోంచి తీసి పారేసింది. కడప జిల్లాలో రాసి, కడప జిల్లా ఆస్తి గురించే చెప్పే హిందువుల వీలునామాకు ప్రొబేట్ నిన్నా తప్పనిసరి కాదు, నేడూ కాదు. తెల్లదొర తన రేవు పట్టణాలకు పెట్టుకున్న నియమాన్ని పెన్నా ఒడ్డున ఇంత నిష్ఠగా పాటించేవాళ్ళుంటారని ఆయన కూడా అనుకుని ఉండడు.

పోనీ, అడిగినదేదో తెచ్చి పడేస్తే పని తీరుతుందా? ప్రొబేట్ ఇచ్చేది జిల్లా జడ్జి. పిటిషన్ వేయాలి, వారసులందరికీ నోటీసులు పోవాలి, పేపరు ప్రకటన ఇవ్వాలి, సాక్షి వచ్చి బోనెక్కాలి, ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి. ఇంతా చేసి కోర్టు తేల్చేది ఒక్కటే: ఆ వీలునామా నిజంగా పోయిన మనిషి రాసిందేనని. ఆ ఆస్తి ఆయనదా, ఆయన అన్నదమ్ములది కూడానా అన్నది ప్రొబేట్ కోర్టు ముట్టుకోదు. ప్రొద్దుటూరు బంగారం అంగట్లో గీటురాయి నగ వన్నె చెబుతుంది. ఆ నగ ఎవరి మెడలోదో చెప్పదు. ప్రొబేట్ కూడా అంతే. వీలునామా లేనప్పుడు అడిగే సక్సెషన్ సర్టిఫికెట్ సంగతీ వేరు కాదు. అది చనిపోయిన మనిషికి రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, షేర్లకు పనికొస్తుంది. పొలానికీ ఇంటికీ పనికిరాదు. అయినా పొలం మ్యుటేషన్‌కు దాన్ని తెమ్మనే మహానుభావులున్నారు. ఇక తాసిల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇంట్లో ఎవరెవరున్నారో చెబుతుంది, ఎవరి వాటా ఎంతో చెప్పదు. మూడు కాగితాలు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మన బల్లల దగ్గర ప్రశ్న ఏమిటో ఎవరికీ పట్టదు. కాగితం ఎంత బరువుగా ఉంటే అంత మంచిది. "రిజిస్టర్ కాని వీలునామా చెల్లదు" అనే ఇంకో గాలిమాట కూడా ఈ బరువు మీద భక్తిలోంచే పుట్టింది. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఇక్కడ ఏ చట్టమూ చెప్పలేదు. చట్టం అడిగేది ఇద్దరు సాక్షుల సంతకాలు. ఆ సాక్షులు బతికున్నారా, ఎక్కడున్నారు అని మాత్రం ఏ బల్లా అడగదు.

ఉద్యోగి పక్షాన ఒక మాట ఉంది, దాన్ని తీసిపారేయలేం. రేపు ఇంకో వారసుడు వచ్చి గొడవ పడితే నా కొలువు ఏం కావాలి అంటాడు. భయం న్యాయమైనదే. అయితే ఆ భయానికి మందు చట్టంలోనే ఉంది, వారసుడి చెప్పులు అరగదీయడంలో లేదు. నామినీకి డబ్బిచ్చేస్తే బ్యాంకు బాధ్యత అక్కడితో తీరిపోతుంది. నామినీ ఆ డబ్బుకు యజమాని కాదనీ, వారసుల తరఫున పుచ్చుకునేవాడేననీ సుప్రీంకోర్టు 1984లో ఒక జీవిత బీమా కేసులో మొదలుపెట్టి ఇప్పటిదాకా చెబుతూనే ఉంది. తగాదా వస్తే అది నామినీకీ వారసులకూ మధ్య, బ్యాంకుకు కాదు. నామినీ లేకపోయినా సరే, 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం తగాదా లేని క్లెయిము వాణిజ్య బ్యాంకులో 15 లక్షల దాకా, సహకార బ్యాంకులో 5 లక్షల దాకా కోర్టు కాగితం లేకుండానే తీర్చాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల గడువు. దాటితే బ్యాంకు రేటు మీద 4 శాతం కలిపి వడ్డీ కట్టాలి. ఈ 15 రోజుల మాట కొత్తదీ కాదు, 2005 సర్క్యులర్‌లోనే ఉంది. ఇరవై ఏళ్ళుగా గోడకు అతికించి ఉన్న నియమం కౌంటరు అవతలికి చేరలేదంటే దూరం ఎక్కువని అనుకోలేం.

ఇంకొందరు పెద్దమనుషుల వాదన వేరు: కోర్టు ద్వారా పోతేనే ఆడబిడ్డలకు అన్యాయం జరగదట. వినడానికి బాగుంది. దేశం 2005లో కూతుళ్ళకు పుట్టుకతో హక్కిస్తే ఈ రాష్ట్రం 1985 నుంచే ఇచ్చింది, అప్పటికి పెళ్ళికానివాళ్ళ వరకు. నలభై ఏళ్ళయింది. అయినా తండ్రి పోగానే అక్కచెల్లెళ్ళను కారెక్కించి రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకుపోయి, విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించి, చీర పెట్టి పంపే ఆచారం ఉందంటే కోర్టు కాగితం లేకనా? ఆ దస్తావేజు స్టాంపుల మీదే, పద్ధతిగానే రాస్తారు. వీలునామా రాయకుండా కొడుకు పోతే అతని ఆస్తిలో భార్యాబిడ్డలతో సమానంగా తల్లికీ వాటా ఉందని 1956 హిందూ వారసత్వ చట్టం చెబుతుంది. ఆ ముసలామె పేరు జాబితాలో ఎక్కిందా అని చూడడానికి ప్రొబేట్ అక్కర్లేదు, చూసే కళ్ళుంటే చాలు. నిజంగా తగాదా ఉన్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే కోర్టుకు పోతారు. పులివెందుల వైఎస్ కుటుంబంలో ఆస్తుల మీద 2019లో రాసుకున్న అవగాహన పత్రం ఉండగానే షేర్ల వివాదం 2024లో హైదరాబాదు కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. ఎవరిది న్యాయమన్నది ఇక్కడి ప్రశ్న కాదు. కాగితం తగాదాను ఆపలేదు, తగాదా తన దారి తానే వెతుక్కుంది. అలాంటప్పుడు తగాదా లేనివాళ్ళను ముందు జాగ్రత్త పేరుతో కోర్టు మెట్లెక్కించడం ఎవరి జాగ్రత్త కోసం?

దొంగ వీలునామాల సంగతో అంటారా? ఉన్నాయి. అందుకే రాసే చోట పెత్తనం చేసి తనే లాభపడినవాడు అనుమానాలు తీర్చాలని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. అనుమానం కలిగితే ఆ వీలునామాను పక్కన పెట్టి, కారణం చెప్పి, కోర్టుకు పొమ్మనడం సబబు. నూటికి నూరుమందినీ అనుమానించి, కారణం ఒక్కరికీ చెప్పకపోవడం పరిశీలన కాదు, బద్ధకం.

వ్యవసాయ భూమిని వారసులు పంచుకుంటే విలువ 10 లక్షల లోపు 100 రూపాయలు, దాటితే 1,000 రూపాయలు కడితే చాలని రాష్ట్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. మంచిదే. నూరు రూపాయల పనికి మళ్ళీ "కోర్టు ఆర్డరు ఉందా?" అనే ప్రశ్న అడ్డుపడకుండా చూసేదెవరో ఆ నిర్ణయంలో లేదు. వారసుల చేతిలో ఉన్నది ఒక్క ఉపాయం. ప్రొబేట్ అడిగినవారిని ఏ నిబంధన కింద అడుగుతున్నారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇమ్మనడం. ఆలస్యానికి కారణం చెప్పాలని బ్యాంకులకైతే రిజర్వు బ్యాంకు ఆదేశమే ఉంది. వారసుల దగ్గర ఇన్ని కాగితాలు అడిగేవాళ్ళు ఈ ఒక్క కాగితం ఇవ్వడానికి ఎంత తటపటాయిస్తారో చూడాలి.