బావ ఓమ్‌ల లెక్క

చింతామణి టమాటా మండీలో లెక్కలు రాసే మా బావకు హెడ్‌ఫోన్లు అయిదు, ఆంప్లిఫయర్లు మూడు. బీరువా వెనక ఇంకా ఉన్నాయని అక్క అనుమానం.

అంతా సెన్‌హైజర్ హెచ్‌డీ 600తో మొదలైంది. 1997లో వచ్చిన మోడలు, ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది ఇచ్చే అడ్డు, 300 ఓమ్‌లు. "ఫోనుతో ఇది యాడ మోగుతాదప్పా?" అని హొసకోట మీదుగా బస్సెక్కి, బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి ఆంప్ తెచ్చాడు. ఆంప్ వచ్చాక దాని బలానికి ఈ హెడ్‌ఫోన్ చాలదనిపించింది. 600 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 880 తెప్పించాడు. అది వచ్చేసరికి ఆంప్ నీరసంగా వినిపించింది.

ఎందుకిదంతా అంటే బోరుబావితో పోల్చి చెబుతాడు. వెయ్యి అడుగుల బోరుకు మూడు హెచ్‌పీ మోటారు దింపితే నీళ్లొస్తాయా? నీళ్ల కోసం భూమిని అంత లోతు తవ్వుకున్న ఈ సీమలో ఎవరైనా తలూపాల్సిందే.

పోలికలో సగమే నిజం. ఒక వోల్టు ఇస్తే 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు దాదాపు 31 మిల్లీవాట్లు అందుతాయి, 300 ఓమ్‌లదానికి మూడు చిల్లర. ఆ మూడుతో ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది సెన్సిటివిటీ. హైఫైమాన్ హెచ్‌ఈ-6 ఇంపెడెన్స్ 50 ఓమ్‌లే. సెన్సిటివిటీ 83.5 డెసిబెల్సే కావడంతో పెద్ద ఆంప్‌లకే చెమట పట్టిస్తుంది. ఇది బావకు తెలియక కాదు. ఓమ్‌లైతే చెప్పడానికి అంకె పెద్దదిగా ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట నమ్మొచ్చు. ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదంటాడు. హెచ్‌డీ 600కు 300 అన్నది పేరుకే, 100 హెర్ట్జ్ దగ్గర అది 500 దాకా ఎక్కుతుంది. అవుట్‌పుట్ 120 ఓమ్‌లున్న పాత ఆంప్‌కు తగిలిస్తే అక్కడ బాస్ ఉబ్బుతుంది. ఈ లెక్కంతా మండీ చీటీ వెనక వేసి చూపిస్తాడు. ఆ చీటీ కోసం రైతు ఎదురుగా నిలబడే ఉంటాడు.

రాత్రి పంపుసెట్లకు త్రీఫేజ్ కరెంటు వచ్చిన వేళ ట్రెబుల్ తగ్గిందని పక్క తోట మోటారును తిడతాడు. గురుపూర్ణిమకు కైవారం సంగీతోత్సవంలో మూడు దినాలూ ముందు వరసే. కళ్లు మూసుకుంటే భక్తి అనుకుంటారు జనం. కచేరీ ఎట్లుందని అడిగితే, "మృదంగం ఎడమ పక్కకు ఎక్కువైందప్పా" అంటాడు.

ఇంత సరంజామాతో ఆయన వినేది ఎవరో వాట్సాప్‌లో పంపిన కైవార తాతయ్య తెలుగు కీర్తనల భజన. అందులో ఒక కుక్క కూడా మొరుగుతుంది. అది మైకుకు ఎన్ని అడుగుల దూరంలో ఉందో బావ చెప్పగలడు.

అయినా బాగేపల్లిలో పెద్దమ్మకు టీవీ సరిగా వినపడకపోతే, ఆదివారం మానుకుని పోయి హెడ్‌ఫోన్ అమర్చి వచ్చింది ఆయనే. 32 ఓమ్‌లది, ఆంప్ లేకుండానే. "శానా బాగుండాదిరా, నువ్వూ ఇట్లాంటిదే ఒకటి కొనుక్కోరాదా?" అందామె.

మీ ఫోనుతోనే శబ్దం చాలుతుంటే ఆంప్ జోలికి పోకండి. చాలకపోతే పెట్టె మీద ఓమ్‌ల పక్కనున్న సెన్సిటివిటీ అంకె కూడా చదివి కొనండి. కొన్న సంగతి మాత్రం మా బావకు తెలియనివ్వకండి.