దెయ్యాన్ని పట్టినవాడు

అమెరికాలోని వినోద ఉద్యానాలలో దెయ్యాల మేడకు వచ్చే జనాన్ని భయపడేవారు, భయపడనట్టు నటించేవారు అని రెండు వర్గాలుగా విభజించడం ఆనవాయితీ కాగా, ఈ రెండింటిలోనూ ఇమడని మూడో వర్గం ఒకటి గత పాతికేళ్లలో స్థిరపడింది. ఈ వర్గపు మనిషికి దెయ్యంతో వ్యక్తిగత వైరం గాని, దానిపై నమ్మకం గాని లేవు. దెయ్యం తొడుక్కున్న గౌను ఊదారంగుదా, నీలపుదా అన్నది తేల్చి, దానిని వీడియోలో భద్రపరచి లోకానికి అందించడమే అతని జీవితాశయం. సౌలభ్యం కోసం అతనిని రంగులరాయుడు అనవచ్చు.

రంగులరాయుడి స్వభావం బోధపడాలంటే ముందు అతని కార్యక్షేత్రం తెలియాలి. కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో, డిస్నీల్యాండ్‌లో 1969 ఆగస్టు 9న తలుపులు తెరిచిన హాంటెడ్ మాన్షన్ ఈ వర్గానికి ప్రధాన పుణ్యక్షేత్రం. అందులో 999 దెయ్యాలు కాపురముంటున్నాయని, వెయ్యోదానికి ఖాళీ ఉన్నదని నిర్వాహకులు చెప్పుకుంటారు. సందర్శకులు డూమ్ బగ్గీలనే నల్లని బండ్లలో కూర్చుంటారు. ఆమ్నిమూవర్ అనే ఏర్పాటు, అంటే గొలుసుకట్టుగా ఆగకుండా సాగే బండ్ల వరుస, వారిని గది నుంచి గదికి మోసుకుపోతూ, చూడవలసిన వైపుకే బండి ముఖాన్ని తిప్పుతుంది. విందుశాలలో గాలిలా పలుచగా నాట్యమాడే జంటలు పెప్పర్స్ ఘోస్ట్ అనే పాత రంగస్థలపు కిటుకుతో పుట్టినవి: ప్రేక్షకుడికి కనబడని చోట దాచిన బొమ్మలపై వెలుగు పడినప్పుడు వాటి ప్రతిబింబం ఎదుటనున్న పెద్ద అద్దపు పలకలో తేలి, ఆవలి గదిలో నిజంగా ఎవరో ఉన్నట్టు తోస్తుంది. 1862లో లండన్‌లో దీనిని ప్రదర్శించి జాన్ హెన్రీ పెప్పర్ పేరు తెచ్చుకున్నాడు. ప్రతిబింబంలో కుడి ఎడమలు తారుమారు కావడంతో ఆ జంటలలో మగవారిని ఆడవారే నడిపిస్తుంటారు. ఇది పొరపాటని కొందరంటారు గాని, చచ్చిన తర్వాతనైనా నిజం బయటపడిందని అనుకోవడానికి అభ్యంతరం లేదు. వెలుగు కాస్త ఎక్కువైతే గాజు గాజుగాను, బొమ్మ బొమ్మగాను తేలిపోతాయి గనుక, ఆ ఇంటి కొలువంతా చీకటి మీదే నడుస్తున్నది. రంగులరాయుడు టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది సరిగ్గా ఆ చీకటిని ఉద్యోగంలోంచి తొలగించడానికే.

పూర్వం ఈ పని ఇంత రాజసంగా సాగేది కాదు. 1998 ప్రాంతంలో సోనీ సంస్థ నైట్‌షాట్ అనే సదుపాయమున్న క్యామ్‌కార్డర్లను విడుదల చేసింది. కంటికి కనబడని పరారుణ కాంతిని తానే వెదజల్లి, తిరిగివచ్చిన దానిని పట్టుకునే ఈ పరికరానికి కటిక చీకటి కూడా అడ్డు కాలేదు గాని, దానిలో లోకమంతా ఆకుపచ్చగా కనబడేది. బట్టల మీది రంగులు ఆ కాంతిలో తమ తేడాలను చూపవు గనుక, అటకమీది పెళ్లికూతురు, శ్మశానం వాకిట్లో వణికే కాటికాపరి, అతని బక్కకుక్క అందరూ పాచిపట్టిన ఒకే కుటుంబానికి చెందినవారుగా తయారయ్యేవారు. 2014లో అదే సంస్థ విడుదల చేసిన ఎ7ఎస్ కెమెరాతో యుగం మారింది. కెమెరా ఎంత కొద్దిపాటి వెలుగుకు స్పందించగలదో తెలిపే కొలమానాన్ని ఐఎస్‌ఓ అంటారు. ఆ అంకె రెట్టింపైతే సగం వెలుగే చాలు. ఎ7ఎస్‌లో ఆ అంకె 4,09,600 దాకా పోతుంది. ఆ అంకెను ఉచ్చరించేటప్పుడు రంగులరాయుడి గొంతులో వచ్చే గాద్గద్యం అతని పెళ్లి శుభలేఖ చదివినప్పుడు కూడా వచ్చి ఉండదు. ఆకుపచ్చ సంప్రదాయపు పెద్దలు మాత్రం, ఆ అంకె పెరిగేకొద్దీ నాయిస్, అంటే నీడల్లో గిజగిజలాడే రంగు చుక్కలు, పెరుగుతాయని, తమ ఆకుపచ్చలో కనీసం నిలకడ ఉండేదని నేటికీ వాదిస్తూనే ఉన్నారు.

ఇక్కడ శాస్త్రపరమైన చిక్కు ఒకటి ఉంది. మనిషి కంటిలో రంగులను గుర్తించే శంకు కణాలు మసక చీకటిలో పనిమాని కూర్చుంటాయి. వెలుగునీడల తేడా తప్ప రంగు తెలియని దండ కణాలే అప్పుడు చూపును నడుపుతాయి, వాటికి కూడా చీకటి పూర్తిగా అలవాటు కావడానికి అరగంట దాకా పడుతుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు తీశానని రంగులరాయుడు చూపించే వీడియోలోని రంగులలో చాలావాటిని ఆ ఇంట్లో కూర్చున్న ఏ మనిషీ కంటితో చూసి ఉండడు. ఈ సంగతిని ఎవరైనా ప్రస్తావిస్తే అతను నొచ్చుకోడు సరిగదా, లోపం కంటిదని తేల్చేస్తాడు.

వేషభాషలలో అతను సన్యాసికి సమీపంలో ఉంటాడు. వెలుగు తిరిగి కొట్టకుండా నల్లచొక్కా, నల్లటోపీ; రికార్డింగ్ నడుస్తున్నదని తెలిపే ఎర్రదీపం మీద నల్లపట్టీ; వెనుకనున్న తెర వెలుగు ఎవరికీ తగలకుండా నల్లగుడ్డ. ఫ్లాష్ వెలిగించేవారిని అతను మానవజాతిలో చేర్చడు, ఈ ఒక్క విషయంలో అతనితో ఏకీభవించని సజ్జనుడు ఉండడు. లెన్సులో వెలుగు ప్రవేశించే ద్వారాన్ని అపెర్చర్ అంటారు, దానికిచ్చే అంకె తగ్గేకొద్దీ ద్వారం పెద్దదవుతుంది. రంగులరాయుడి సంపాదనంతా ఈ అంకెను తగ్గించడానికే ఖర్చవుతుంది. 1975 నాటి 'బ్యారీ లిండన్'లో కొవ్వొత్తుల వెలుగును పట్టడానికి స్టాన్లీ కూబ్రిక్ నాసా కోసం తయారైన 0.7 అపెర్చర్ జైస్ లెన్సును వాడిన ఉదంతం అతనికి నిత్యపారాయణం. ఈ వర్గంలో తెలుగువాడు చేరితే 'మాయాబజార్' (1957)లో వెన్నెలను తెరకెక్కించిన మార్కస్ బార్ట్లీని తలుచుకుంటాడు. ఆ నలుపు తెలుపు చిత్రానికి 2010లో రంగులద్ది విడుదల చేసిన సంగతిని తన వాదానికి సాక్ష్యంగా కూడా వాడుకుంటాడు.

కుటుంబజీవితం దీనికి తగ్గట్టే ఉంటుంది. బండి కుదిపితే దృశ్యం చెదురుతుంది గనుక అతను ఒంటరిగా ఒక బండిలోనూ, భార్యాపిల్లలు వెనుక బండిలోనూ ఎక్కుతారు. శబ్దం కూడా రికార్డవుతుంది గనుక కేకలు వేయరాదని పిల్లలకు ముందే ఆంక్ష ఉంటుంది. దెయ్యాల మేడలో భయపడి కూడా అరవకూడని పిల్లలు ప్రపంచంలో వీరు మాత్రమే. బయటికి వచ్చాక భయం వేసిందా నాన్నా అని కొడుకు అడిగితే, మూడో గదిలో ఫోకస్ జారిందేమోనని వేసిందంటాడు.

అతని అసలు శత్రువు వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగులోనైనా తెలుపును తెలుపుగా చూపించేలా కెమెరాను సవరించే ప్రక్రియ. నీలి వెలుగు పడిన తెల్లబొమ్మ నీలంగా కనబడాలా, తెల్లగానా? మొదటిది రూపకర్తల ఉద్దేశం, రెండోది బొమ్మ వాస్తవం. ఈ మీమాంసలో అతనికి నెలలు గడిచిపోతాయి. తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడుతో పొదుపుగా సంసారం నడుపుకునే తెలుగు దెయ్యం ఇటువంటి చిక్కులు తెచ్చిపెట్టదు. మాన్షన్‌లోని మేడమ్ లియోటా వ్యవహారం ఇంకా కష్టం: గాజుగోళంలోని తలపై నటి ముఖాన్ని చలనచిత్రంగా ప్రసరింపజేస్తారు కాబట్టి, గది కనబడేలా సవరిస్తే ముఖం తెల్లగా మాడిపోతుంది, ముఖం కనబడేలా సవరిస్తే గది మాయమవుతుంది.

యంత్రం మొరాయించి సందర్శకులను నడిపించి దించవలసి వచ్చినప్పుడు సిబ్బంది పనిదీపాలు వెలిగిస్తారు. అప్పుడు గోడల పెచ్చులు, తీగలు, దెయ్యాల రంగులు సహా సమస్తమూ పట్టపగలులా కనబడగా, పక్కనున్న పెద్దావిడ మామూలు ఫోనుతో వాటిని చక్కగా తీసుకుంటుంది. అన్నేళ్లుగా వెంటాడిన రంగు కళ్లెదుటే ఉన్నా, ఇది పద్ధతి కాదంటూ కెమెరా మూసేసేవాడు రంగులరాయుడొక్కడే.

అయినా అతనిని పూర్తిగా వెక్కిరించడం న్యాయం కాదు. మాన్షన్ తెరిచిన కొత్తలో హ్యాట్‌బాక్స్ ఘోస్ట్ అనే బొమ్మ తల మెడ మీద మాయమై చేతిలోని టోపీపెట్టెలో ప్రత్యక్షం కావలసి ఉండగా, ఆ మాయ సరిగా కుదరక కొద్దికాలానికే దానిని తొలగించారు. అది తిరిగి వచ్చింది 2015లో. అటకమీది పాత పెళ్లికూతురి స్థానంలో 2006లో కాన్‌స్టన్స్ అనే మరో వధువు వచ్చింది. యజమానులు తమ ఇంటిని ఇలా మార్చుకుంటూ పోతుంటే, మసక వెలుతురులో మునుపు ఏముండేదో తెలుసుకోగోరేవారికి ఇటువంటి పిచ్చివాళ్ల వీడియోలు బాగా పనికివస్తాయి. అందుచేత అతని వెనుక బండిలో కూర్చునే అదృష్టం పట్టిన పాఠకులు ఫోను జేబులో పెట్టుకుని, కేకలు కాస్త తగ్గించి సహకరించవలసిందిగా మనవి.