కోటిలింగాల కుండపెంక

కోటిలింగాల పేరెత్తితే అందరూ నాణేల గురించే అడుగుతారు. ఈ పెంకను ఎవరూ అడగరు. అరచేతిలో సగానికి వచ్చే ముక్క; బయట ఎరుపు, లోపల నలుపు. గోదావరిలో పెద్దవాగు కలిసేచోట, ఒడ్డు మీది మట్టికోట లోపల రెండువేల ఏళ్లు పడి ఉంది. అడగకపోయినా తన కథ తానే చెప్పుకుంటోంది. నాణేలు చెప్పలేని సంగతి ఒకటి దానికి తెలుసు.

పుట్టుక గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. సారె మీద తిరిగింది, ఆవంలో కాలింది. కాల్చేటప్పుడు మూతి కిందికి వచ్చేలా బోర్లించారు కనుక, గాలి ఆడని లోపలి వైపు నల్లబడింది, గాలి తగిలిన ఒళ్లు ఎర్రబడింది. ఒక ఇంట్లో కొన్నాళ్లు తిండికి పనికొచ్చింది. ఓ రోజు పగిలింది. ఆ ఇంటావిడ ముక్కలన్నీ ఏరి పెరట్లో పారబోసింది. ఆ ఇంటికి ఇంకో కుండ వచ్చింది.

అక్కడి నుంచి ఈ పెంక బతుకంతా మట్టిలోనే. మీద బూడిద పడింది, బొక్కలు పడ్డాయి, ఇటుకల గోడ కూలి పడింది. ఆ శిథిలాల మీదే మరెవరో నేల చదును చేసి ఇల్లు కట్టుకున్నారు. శాతవాహనులు వచ్చారు, పోయారు. ఊరు పెరిగి, తరిగి, చివరికి దిబ్బ అయింది. దిబ్బను నాగళ్లు గీరాయి. పాత ఇటుకలు దొరికితే జనం గోడలకు మోసుకుపోయారు. వానలు పడ్డప్పుడల్లా పై పొరల్లోని పెంకలు బయటపడి కాళ్ల కింద నలిగేవి. కింది పొరల్లో ఉండబట్టి ఇది మిగిలింది.

1979లో రాష్ట్ర పురావస్తు శాఖ డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. 1983 దాకా విడతలుగా సాగాయి. ఈ పెంక ఎండ చూసింది ఆ రోజుల్లోనే.

ఆ రోజు పని పొద్దెక్కకముందే మొదలైంది. ముందే మేకులు కొట్టి, దారాలు లాగి, నేలను చదరాలుగా విభజించి పెట్టారు. చదరానికీ చదరానికీ మధ్య తవ్వని గట్టు ఒకటి వదిలారు. పొరలన్నీ ఒకదాని కింద ఒకటి కనబడేది ఆ గట్టు గోడలోనే. పై మట్టికి పార సరిపోయింది. కిందికి దిగేకొద్దీ పార పక్కకు పోయి తాపీ, చాకు, కుంచె చేతికొచ్చాయి. మొగవాళ్లు గీరితే ఆడవాళ్లు గంపలకెత్తి గట్టు దాటించారు. మట్టి ఊరికే పోలేదు, జల్లెడ పట్టాకే కుప్పకు చేరింది. మధ్యాహ్నం లోపల గోధుమరంగు మట్టి ఆగిపోయి, బూడిద కలిసిన నల్లమట్టి తగిలింది. రంగు మారగానే పని ఆపారు. పాత గంపలు పక్కకు జరిపి, కొత్త పొరకు కొత్త గంప పెట్టారు. రెండు పొరల పెంకలు ఒక గంపలో పడితే ఆ రోజు పనంతా వృథా అని అక్కడి సార్లకు తెలుసు, కూలికొచ్చిన అవ్వలకూ తెలుసు.

"సారూ, పెంక ఎల్లింది."

"కదపకు అవ్వా. ఆడనే ఉండనియ్యి."

ఆ రెండు మాటలు ఈ పెంక ఎన్నటికీ మరువదు. పారేసిన నాటి నుంచి మొదటిసారి ఎవరో దీన్ని ఉన్నచోటే ఉండనిమ్మన్నారు. చుట్టూ మట్టిని కుంచెతో ఊడ్చారు. లోతు కొలిచి రాసుకున్నారు. ఆ తర్వాతే గంపలోకి తీశారు. గుంత నంబరు, పొర నంబరు, లోతు, తేదీ రాసిన చీటీ దానితోపాటు వచ్చింది. నీళ్లతో కడిగారు, నేల మీద గీసిన గడుల్లో ఆరబెట్టారు. మూతి ముక్కలు ఒక వైపు, అడుగు ముక్కలు ఒక వైపు. సాయంత్రం గట్టు గోడను చెక్కి నున్న చేసి, పొరలను కాగితం మీద గీసుకున్నాక పని కట్టేశారు. ఆ గుంతలో ఆ రోజు నాణెం దొరకలేదు. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి "ఇయ్యాల ఏం ఎల్లలే" అనుకుంటూ పోయారు.

గంపల కొద్దీ పెంకలు ఎల్లాయి. వాటిని లెక్కలోకి తీసుకోలేదంతే.

నాణేల గొప్పతనాన్ని ఈ పెంక కాదనదు. గోభద, నారన, కంవాయసిరి, సమగోప లాంటి రాజుల పేర్లు లోకానికి తెలిసింది కోటిలింగాల నాణేల వల్లనే. వీళ్లు శాతవాహనులకన్నా ముందటి వాళ్లంటారు. చిముక శాతవాహనుడి పేరున్న నాణేలూ ఇక్కడే దొరికాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివారు. అప్పటిదాకా ఆ వంశ మూలపురుషుడు పురాణాల్లోనూ మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనంలోనూ మాత్రమే ఉన్నాడు. అయితే వాటిలో చాలా నాణేలు నేలమీద ఏరినవి. అందుకే ఆ చిముకుడూ నానేఘాట్ సిముకుడూ ఒక్కరేనా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నాణెం మీద పేరుంటుంది. అది ఏ పొరలో, వేటి పక్కన పడి ఉందో తెలియకపోతే కాలం తేలదు. పొరకు కాలం చెప్పేది పక్కన పడి ఉన్న పెంకలే.

పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు తేలిందీ ఇదే. అక్కడ ఇటలీలోని అరెజ్జో పళ్లేల ముక్కలు దొరికాయి. అవి ఏ కాలంలో తయారయ్యాయో అప్పటికే తెలుసు. వాటి పక్కనున్న దేశవాళీ కుండలకూ ఆ కాలం వర్తించింది. అలాంటి కుండలు దక్షిణ భారతంలో ఎక్కడ దొరికినా ఆ ఊళ్ల వయసు కట్టే దారి దొరికింది. ఇంత పని చేసినవి రాజముద్రలు కావు, విరిగిన పళ్లేలు. ఈ జాతిలో పుట్టినందుకు ఈ పెంకకు గర్వంగానే ఉంటుంది.

దాని బాధంతా ఆ తర్వాతి సంగతే. కడిగిన పెంక మీద గుంత నంబరు, పొర నంబరు సిరాతో రాయాలి. రాయకుండా మిగిలిపోయిన వాటిలో ఇదొకటి. గోనెసంచిలో కట్టి ఒక గోదాములో పెట్టారు. ఏళ్లు గడిచాయి. వాన కారింది, సంచి చివికింది, చీటీని పురుగు తినేసింది. మట్టిలో రెండువేల ఏళ్లు చెక్కుచెదరని చిరునామా గోదాములో కొన్నేళ్లకే పోయింది. ఇప్పుడు దీన్ని చేతిలోకి తీసుకున్న వాళ్లు ఇది నలుపు ఎరుపు కుండది అని చెప్పగలరు. ఏ పొరదో, ఏ ఇంటిదో చెప్పలేరు. ఆ అవ్వ కదపకుండా ఆగిన ఆ క్షణం వృథా అయిందే అన్నదే దీని దుఃఖం.

తిరిగి అడుగుదామంటే ఆ దిబ్బా పూర్తిగా మిగల్లేదు. 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు కట్టాక వెనక్కి తన్నిన నీళ్లు కోటిలింగాల దాకా వచ్చి, పాత ఊరి భాగాన్ని ముంచాయి. నీళ్లు పొలాలకు కావాలి, ఈ పెంక వద్దనదు. నీళ్లు రాకముందే ఇంకా తవ్వి, రాసిపెట్టుకోవాల్సింది.

ఇలాంటి నష్టం ఇంకోచోట జరగకూడదు. అందుకే రుద్రంగి, కోరుట్ల, సిరిసిల్ల వైపు చెలకల్లో దున్నేవాళ్లకు ఒక మాట. సాలులో నలుపు ఎరుపు పెంకలు, పెద్ద ఇటుకలు, ఇనుము చిట్టెం గుంపుగా కనబడితే ట్రాక్టరు ఆపండి. ఏరి మూటగట్టకండి. ఉన్నవి ఉన్నచోటే ఉంచి ఫోటో తీయండి, సర్వే నంబరు రాసుకోండి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి. పది రూపాయల విలువ దాటిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. పెంకకు పది రూపాయలు ఎవరూ ఇవ్వరు, కాబట్టి దాన్ని కాపాడే పని మీదే.