నేను వెతికిన హంతకుడు

ఉంబెర్టో ఎకో నవల 'ది నేమ్ ఆఫ్ ద రోజ్' 1980లో ఇటాలియన్‌లో వెలువడింది. కథ జరిగేది 1327లో, ఉత్తర ఇటలీలోని ఒక కొండమీది క్రైస్తవ మఠంలో. సన్యాసులు ఒకరి వెనక ఒకరు చచ్చిపోతుంటారు. విలియం అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి ఏడు రోజుల్లో ఆ గుట్టు విప్పుతాడు. పలాసలో ఉన్నప్పుడు చదివాను. అంత గొప్ప పుస్తకం నుంచి నేను పట్టుకొచ్చింది మాత్రం ఒక తప్పుడు పాఠం.

నా బుర్రకెక్కింది విషం ఒక్కటే. దాచిపెట్టిన గ్రంథం పేజీలకు విషం పూసి ఉంటుంది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పినవాడి నాలుక మీదికి అది చేరుతుంది. మా ఉద్దానం ప్రాంతం కథ కూడా ఇదేననుకున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస తోటలు. ఆ పచ్చదనంలోనే షుగరు లేనివాళ్లకు, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడైపోతున్నాయి. తోటలకు కొట్టే పురుగుమందు బోరు నీళ్లలో దిగింది, హంతకుడు అదేనని నేనే తీర్పు చెప్పేశాను. చేతిలో ఒక్క రుజువూ లేదు.

మా మావయ్యది కవిటి వైపు తోట. బోరు నీళ్లు మానేసి టిన్ను నీళ్లు కొనుక్కోమని చెప్పాను. చదువుకున్న మేనల్లుడి మాట కదా, విన్నాడు. రక్తపరీక్ష చేయించుకోమంటావా అని అడిగితే, నీళ్లు మార్చాక ఇంకెందుకన్నాను. "నడుం లాగేస్తంది బాబూ" అన్నప్పుడల్లా కాశీబుగ్గ మందుల షాపులో నొప్పి మాత్రలు కొని ఇచ్చిందీ నేనే. ఆ మాత్రలు అదే పనిగా వాడితే కిడ్నీలకు చేటని డాక్టర్లందరూ చెబుతారు. నేను అటు చూడనే లేదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించుకునేసరికి జబ్బు బాగా ముదిరింది. ఇప్పుడాయన డయాలసిస్ మీద ఉన్నాడు.

ఆ తర్వాత నవల మళ్లీ తీశాను. అందులో చావులన్నిటికీ కారణం ఒకటి కాదు. ఒకడు తనంతట తానే దూకి చస్తాడు, ఇంకొకడి తల పగలగొడతారు, కొందరు విషంతో పోతారు. బైబిల్ చివరి గ్రంథంలోని బూరల వరుసలో హత్యలు జరుగుతున్నాయని విలియం నమ్మి వెంటపడతాడు. అలాంటి పథకమేదీ లేదు. ఆ విషం పూసిన గుడ్డి ముసలి సన్యాసి హోర్హే దగ్గరికి తను దాదాపు పొరపాటునే చేరానని శిష్యుడు అడ్సోతో ఒప్పుకుంటాడు. అప్పటికే గ్రంథాలయం తగలబడిపోతోంది. మొదటిసారి నేను చూసీ చూడకుండా దాటేసిన పేజీలివి.

ఉద్దానం నీళ్లలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయే పని, వంశపారంపర్యం, అన్నిటినీ పరిశోధకులు పరిశీలించారు. ఇదీ కారణమని ఒక్కదాన్ని తేల్చలేకపోయారు. నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో, శ్రీలంక వరి పొలాల్లో ఇలాంటి జబ్బే ఉంది. బాల్కన్ దేశాల పల్లెల్లో 1950లలో గుర్తించిన కిడ్నీ జబ్బుకు కారణం తేలడానికి దశాబ్దాలు పట్టింది. గోధుమ చేలల్లో పెరిగే ఒక కలుపుమొక్క గింజలు పిండిలో కలిసిపోవడమే మూలమని చివరికి పట్టుకున్నారు. ఇక్కడా ఏదో ఒకనాడు తేలుతుందని నా నమ్మకం. కానీ కిడ్నీ అన్నాళ్లు ఆగదు.

హిరమండలం నుంచి ఉద్దానానికి మంచినీళ్ల పైపులైన్ వేశారు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. ఇవి కావలసినవే. అయితే ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, పెద్దగా వాపూ చూపించదు. రక్తపరీక్షలోనే బయటపడుతుంది.

ఉద్దానంలో మీవాళ్లుంటే కారణం తేలేదాకా చూడకండి. వెంటబెట్టుకుని తీసుకెళ్లి క్రియాటినిన్ పరీక్ష చేయించండి. డాక్టరు రాయకుండా నొప్పి మాత్రలు కొనివ్వకండి.