రైలు దిగిన పిదప: ఒక నోటీసు పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. రైలు దిగిన పిదప రాదు రెండవ బస్సు
గొడుగు నీళ్ళు మందు గూడ వలయు
పడవ నెక్కు వేళ పలుకరాదెవ్వరు
ఎవరి కూడు వారె యెత్తుకొనుడు

అవతారిక: ఏలూరు చుట్టుపక్కల ఒక డిగ్రీ కళాశాలలో, కొల్లేటి పక్షులను చూడడానికి ఆటపాక వెళ్ళే జంతుశాస్త్ర విద్యార్థుల పేర్ల జాబితా అడుగున కనిపించిన పద్యమిది. కర్త ఎవరో తెలియదు. కింద ప్రిన్సిపాలు గారి సంతకం ఉంది గానీ అది కర్తృత్వానికి ప్రమాణం కాదు. ఆ సంతకం హాల్ టిక్కెట్ల మీదా ఉంటుంది. ల్యాబ్ అటెండరే కవి అని ఒక వాదం. కారు ముందు సీట్లో కూర్చుని వెళ్ళినవాడు రాసింది మాత్రం కాదు. నోటీసులో 'కృష్ణా జిల్లా కైకలూరు' అని ఉంది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు అందులోకి వచ్చింది కాబట్టి పద్యం అంతకుముందుదై ఉండాలి, లేదా ఏటా పాత నోటీసునే తేదీ మార్చి అంటిస్తూ ఉండాలి. రెండో పక్షమే బలంగా ఉంది.

ఛందస్సు: ఆటవెలది. గణాలు సరిపోయాయి. రై-రా, గొ-గూ, ప-ప, ఎ-యె యతిమైత్రి. విశ్వవిద్యాలయ సర్క్యులర్లలో ఇంత శుద్ధి మేము చూడలేదు.

రైలు దిగిన పిదప: ఏ రైలు? వ్యాఖ్యాతలు ఇక్కడే రెండుగా చీలారు. హౌరా-చెన్నై లైను ఏలూరు, దెందులూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా కొల్లేటికి ఉత్తరాన పోతుంది. విజయవాడ నుంచి గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పోయే లైను దక్షిణాన ఉంది. ఈ రెండూ కలిసేది పడమట విజయవాడలో, తూర్పున నిడదవోలులో. సరస్సు మధ్యలో చిక్కుకుపోయింది. కాబట్టి కైకలూరు శాఖవారు 'నేరుగా కైకలూరులో దిగండి, ఆటపాక పక్కనే' అంటారు. ఏలూరు శాఖవారు 'దెందులూరు కుర్రాడు విజయవాడ దాకా పోయి చుట్టి రావాలా? ఏలూరులో దిగి, కొల్లేటికి అడ్డంగా పోయే రోడ్డు మీద బస్సెక్కితే చాలదా?' అని అడుగుతారు. దెందులూరు స్టేషనులో ఎక్స్‌ప్రెస్సులు ఆగవని, పాసింజరు ఎప్పుడొస్తే అప్పుడే ముహూర్తమని తెలిసినవారికి రెండో శాఖే సమ్మతం. పద్యంలో రైలు వెంటనే బస్సు వచ్చింది కాబట్టి కవి కూడా ఏలూరు శాఖవాడే.

రాదు రెండవ బస్సు: ఆక్షేపం. వస్తుంది కదా? డిపోలో అడిగితే 'ఇంకోటుంది లెండి, కూర్చోండి' అనే అంటారు. సమాధానం: వస్తుంది, మిమ్మల్ని చేరుస్తుంది కూడా. కానీ తెల్లవారుజామున మేతకు లేచే గూడబాతులు అప్పటికే సగం వెళ్ళిపోయి ఉంటాయి. మిగిలినవి గూళ్ళ మీద ఎండకు కదలకుండా కూర్చుంటాయి. 'ప్రవర్తన పరిశీలన' అనే శీర్షిక కింద రాసుకోవడానికి ఏమీ ఉండదు. పక్క గ్రూపు రికార్డు చూసి రాసుకోవడమే. కనుక 'రాదు' అంటే పక్షి దృష్టిలో రాదు అని అర్థం. నోటీసులన్నీ మనిషి గడియారం ప్రకారం రాస్తారు. ఈ ఒక్క పాదం పక్షి గడియారం ప్రకారం ఉండడం వల్లే మేమీ పద్యానికి వ్యాఖ్య రాయబూనాము.

విశేషం: బస్సు ఊరు దాటగానే రెండు వైపులా నీళ్ళు కనిపిస్తాయి. 'కొల్లేరొచ్చిందిరోయ్' అని ఒకడు లేస్తాడు, ఫోన్లన్నీ కిటికీల్లోకి వస్తాయి. అవి చేపల చెరువులు. ఏరేటర్లు తిరుగుతున్నాయంటే, మేత బస్తాలు గట్టున ఉన్నాయంటే చెరువే. అసలు కొల్లేరు ఎక్కడ మొదలవుతుందన్నది పెద్ద పెద్దవాళ్ళు కోర్టుల్లో తేల్చుకుంటున్న విషయం. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, అదే ఐదో కాంటూరు, దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో ఆ గీత లోపలి చెరువుల గట్లను 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో కొట్టేశారు. ఆ తర్వాత కొన్ని చోట్ల మళ్ళీ లేచాయి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తే బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఇవన్నీ పరీక్షలో వస్తాయి, బస్సులో ఎవరూ వినరు.

గొడుగు: ఎండకు. అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షుల కాలం కాబట్టి వానకు అంతగా అక్కర్లేదు. అయితే పడవలో గొడుగు తెరిస్తే కొల్లేటి గాలికి మీరూ గొడుగూ చెరో దారి. టోపీ నయం. గణాలకు సరిపోదని కవి వదిలేశాడు.

నీళ్ళు: తాగేవి. సరస్సులో ఉన్నవి కాదు, లంకల్లో వాళ్ళే టిన్నులు కొనుక్కుంటారు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రి పాలయ్యాక, ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళ సీసా లేకుండా ఏ తల్లీ పిల్లను పంపడం లేదు.

మందు: దోమలకు రాసుకునేది, వాంతులకు వేసుకునేది, ఓఆర్‌ఎస్ పొడి. మూడో బెంచీవారి అన్వయం శాస్త్రసమ్మతం కాదు.

ఇక్కడ దేశాంతర శాఖ ఒకటుంది. మన పిల్లలు పైచదువులకు పోయి ఉష్ణమండల అడవుల్లోని పరిశోధనా కేంద్రాలకు వెళుతున్నారు గనుక చెప్పవలసి వస్తోంది. పనామాలో బారో కొలరాడో అనే దీవి ఉంది. కాలువ కోసం నదికి ఆనకట్ట కడితే మునగకుండా మిగిలిన కొండకొన అది. 1923 నుంచి పరిశోధనా కేంద్రం. గాంబోవా అనే ఊళ్ళో పడవెక్కి వెళ్ళాలి, పడవ తప్పితే ఒడ్డునే ఉండాలి. అంటే మొదటి పాదం అక్కడా వర్తిస్తుంది. మందు మాత్రం వేరు. అలాంటి దేశాల నుంచి తిరిగొచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న కార్డు చూపించాలి. లేకపోతే మన విమానాశ్రయంలోనే పట్టుకుని ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. టీకా ప్రయాణానికి పది రోజుల ముందే పడాలి, అదీ అనుమతి ఉన్న కేంద్రంలోనే. ఒకసారి వేయించుకుంటే జీవితకాలం చెల్లుతుంది. అక్కడి అడవిలో పిడుదుల బాధ ఎక్కువ కాబట్టి ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపుకోవాలి. ఈ సంగతి అమ్మమ్మకు ఫోనులో చెబితే 'పిడుదులకి పనామా దాకా ఎందుకురా, మన గేదెలకి లేవా' అంటుంది. ఆవిడ వ్యాఖ్యానానికి మా దగ్గర సమాధానం లేదు.

పడవ నెక్కు వేళ పలుకరాదెవ్వరు: పద్యానికి ప్రాణం. 'ఎవ్వరు' అన్నాడు, విద్యార్థులు అనలేదు. మాస్టార్లు కూడా అని ధ్వని. ఆటపాకలో చెట్లు చాలక అటవీశాఖ నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతింది. గూడబాతులు వాటి మీద పుల్లలు పేర్చుకుని గూళ్ళు కడతాయి, పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు. పడవ మరీ దగ్గరికి పోయి ఎవరైనా కేకేస్తే తల్లి లేస్తుంది. ఆ కాస్త సేపట్లో గుడ్డుకు ఎండ తగులుతుంది, లేదా కాకి వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో వన్యప్రాణిని బెదరగొట్టడం నేరమని నోటీసు వెనక పేజీలో ఉంది, ఎవరూ తిప్పి చూడలేదు. పడవవాడు చెప్పింది మాత్రం అందరూ విన్నారు: 'కూసేపు మాట్టాడకండి బాబూ, గుడ్ల మీదున్నాయండి. పంతులుగారూ, తమరు కూడానండి.'

ఎవరి కూడు: అన్నం. పెరుగన్నం మధ్యాహ్నానికి పులుస్తుంది, పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. కైకలూరులో భోజనం దొరకదా అంటే దొరుకుతుంది, కొల్లేటి చేపల పులుసుతో సహా. కానీ నలభైమంది ఒకేసారి హోటల్లోకి దిగితే తిరుగు బస్సు పోతుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళ రోజుల్లో అయితే హోటలూ బస్సూ రెండూ దొరకవు. పర్యటన తేదీ వేసేటప్పుడు పంచాంగం చూడాలి.

తాత్పర్యం: పొద్దున్నే వెళ్ళండి, నోరు మూసుకోండి, తినేది తెచ్చుకోండి.

పాఠభేదం: నోటీసు అంచున, నాలుగో పాదం పక్కన, పెన్సిలుతో 'ఖాళీ పొట్లాలు కూడా' అని వేరే చేతిరాతలో ఉంది. ప్రక్షిప్తమనడంలో సందేహం లేదు. 'ఖాళీ' రెండు గురువులు, ఏ సూర్యగణంలోనూ ఇమడదు, యతి లేదు. అయితే గట్టున వదిలేసిన పులిహోర మెతుకులకు చేరే కాకులు అక్కడితో ఆగవు, ఇనుప స్టాండ్ల దాకా పోతాయి. మూడో పాదంలో తల్లి లేవగానే వచ్చే కాకి అదే. ఛందస్సు చెడినా ఈ పాఠాన్ని మేము మూలంలోకే తీసుకుంటున్నాము.