డాక్టరుగారి గుర్రం ఆత్మకథ

ఈ గుర్రం తన కథ తానే చెప్పుకోవడం కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కెనడాలోని పిల్లలకు ‘బాన్‌ఫైర్’ పేరుతో ఉత్తరాలు వెళ్లేవి. సంతకం చోట గిట్ట గుర్తు ఉండేది. రాసేది మాత్రం దాని రౌతు, డాక్టర్ జాన్ మెక్‌క్రే. మేనల్లుళ్లకూ మేనకోడళ్లకూ ఆయన గుర్రం నోటితో కబుర్లు చెప్పేవారు. ఇప్పుడాయన లేరు కనుక మిగతా కథ గుర్రమే చెప్పాలి.

బాన్‌ఫైర్ ఐర్లాండ్ వేటగుర్రాల జాతిది. 1914లో డాక్టరుగారు యుద్ధానికి బయల్దేరుతుంటే మిత్రుడు జాన్ టాడ్ దీన్ని బహుమతిగా ఇచ్చారు. డాక్టరుగారికి అప్పటికే నలభై దాటాయి. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో ఫిరంగులు పేల్చిన మనిషి, ఈసారి కెనడా ఫిరంగిదళానికి వైద్యుడయ్యారు.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్లు క్లోరిన్ గ్యాస్ వదిలారు. ఆ తర్వాత పదిహేడు రోజులు డాక్టరుగారు కాలువ గట్టున ఫిరంగుల పక్కనే ఉండి గాయాలకు కట్లు కట్టారు. గుర్రాలను అంత ముందుకు తీసుకెళ్లరు, వెనక బళ్ల దగ్గరే కట్టేస్తారు. అందుకే మే 2న జరిగింది ఈ గుర్రం కళ్లారా చూడలేదు.

ఆ ఉదయం లెఫ్టినెంట్ అలెక్సిస్ హెల్మర్ మీద గుండు పడింది. డాక్టరుగారికి ఎంతో ఇష్టమైన నేస్తం, ఇరవై రెండేళ్ల కుర్రవాడు. దొరికినంత వరకు దేహాన్ని పోగుచేసి, చీకటి పడ్డాక పూడ్చారు. దగ్గర పాదిరీ లేకపోతే ప్రార్థన వాక్యాలు డాక్టరుగారే నోటికి వచ్చినంత చదివారు.

మర్నాడే డాక్టరుగారు ‘ఇన్ ఫ్లాండర్స్ ఫీల్డ్స్’ అనే పద్యం రాశారని చెబుతారు. గుండ్లు తవ్విపోసిన నేలలో ఎర్రగా పూసే గసగసాల పూలు ఆ పద్యంతోనే లోకప్రసిద్ధమయ్యాయి. అది డిసెంబర్ 8న ‘పంచ్’ పత్రికలో అచ్చయినప్పుడు కవి పేరు లేదు. హెల్మర్ పేరు పద్యంలోనే లేదు. 1917లో కెనడా ప్రభుత్వం యుద్ధ బాండ్లు అమ్ముకోవడానికి ఆ పద్యాన్ని వాడుకుంది. 1921లో బ్రిటన్‌లో మాజీ సైనికుల సాయానికి గుడ్డతో చేసిన గసగసాల పూలు అమ్మారు. నేస్తం కోసం పుట్టిన పద్యం ఊరందరిదీ అయింది, నేస్తం మాత్రం మరుగునపడ్డాడు.

1918 జనవరి 28న డాక్టరుగారు న్యుమోనియాతో కన్నుమూశారు. మర్నాడు ఫ్రాన్స్‌లోని విమెరూ శ్మశానానికి సాగిన ఊరేగింపులో బాన్‌ఫైర్ నడిచింది. వీపు మీద రౌతు లేడు. ఆయన బూట్లు మాత్రం రికాబుల్లో వెనక్కి తిప్పి ఉన్నాయి.

డాక్టరుగారికి సమాధి ఉంది. హెల్మర్ సమాధి తర్వాతి పోరుల్లో ఆనవాలు లేకుండా పోయింది. ఆయన పేరు ఈప్రలోని మెనిన్ గేటు అనే స్మారకం గోడ మీద, సమాధి దొరకని 54,000 మందికి పైగా సైనికుల మధ్య ఉంది. వారిలో నాలుగు వందలకు పైగా భారత సైనికులు. రోజూ రాత్రి 8 గంటలకు అక్కడ బూర ఊదుతారు. బెల్జియం వెళ్లే తెలుగువారు ఆ పూటకు అక్కడ ఆగండి. పద్యం ఎలాగూ లోకమంతా చదువుతోంది, మీరు గోడ మీది పేర్లు చదవండి.